తీఁగెలోని చుక్క

గడచిన సంవత్సరము భౌతికశాస్త్రపు తరగతిలో నొక విద్యార్థి నన్నొక ప్రశ్న యడిగెను. నేను నల్లబల్లపై వ్రాయుచుండఁగా చేతిలోని సుద్దముక్క రెండుగా విఱిగినది. ఆ తునుకలలో నొకటి మఱల విఱిగినది. అది చూచి యతఁడు లేచి, “అయ్యా! ఈ సుద్దను ఇట్లే విఱుచుచుఁ బోయినచో నెంతవఱకు సుద్దగా నుండును? ఎప్పటికైనను దాని రంగు మాఱునా?” యనెను. తరగతిలోనివారు నవ్విరి. నేనును పాఠము మిగిలిపోవునను తొందరలో, “పరమాణువులు వచ్చువఱకు ఏ పదార్థమైనను ఆ పదార్థమే, పరిమాణము తగ్గినంతమాత్రమున గుణము మాఱదు” అని చెప్పి ముందునకు సాగితిని. ఇంటికిఁ బోయి యాలోచింపఁగా, ఆ బాలుని ప్రశ్న నవ్వఁదగినది కాదనియు, నా సమాధానమే సరికాదనియు తోఁచెను. అతనికి నేను బాకీపడిన సమాధానమును ఈ పత్రిక మూలమునఁ దీర్చుకొనుచున్నాను.

కాడ్మియము సెలినైడు అను పదార్థ మొకటి కలదు. దానిని మిక్కిలి సన్నని రేణువులుగాఁ జేసి, ఒక ద్రవములోఁ గలిపి, అతినీలలోహిత కాంతి ముందుంచినచో నది వెలుఁగును. రేణువుల వ్యాసము సుమారు 6 నానోమీటర్లైనచో ఆ వెలుఁగు ఎఱ్ఱగా నుండును. వ్యాసము తగ్గినకొలఁది పసుపు, ఆకుపచ్చ రంగులు వచ్చి, 2 నానోమీటర్లకు వచ్చునప్పటికి నీలిరంగు కనఁబడును. రెండు సీసాలలోను ఉన్నది ఒకే పదార్థము. పరమాణువులు అవే, వాని యమరికయు అదే. మాఱినది పరిమాణ మొక్కటే. కావునఁ బరిమాణము తగ్గినంతమాత్రమున గుణము మాఱదన్న నా మాట పొరపాటు.

నానోమీటరనఁగా మిల్లీమీటరులో పదిలక్షలవ వంతు. మన తల వెండ్రుక మందము సుమారు 80,000 నానోమీటర్లు. మన చేతిగోరు ఒక సెకండునకు ఇంచుమించు ఒక నానోమీటరు పెరుగును. అనఁగా మీరు ఈ వాక్యమును చదువునంతలో మీ గోరు పెరిగిన కొలఁదిలోనే మనము చెప్పుకొనఁబోవు వింతలన్నియు జరుగుచున్నవన్నమాట.

ఈ వింతకుఁ గారణము తెలియవలెనన్న ముందుగా అర్ధవాహకములను గుఱించి కొంచెము తెలిసికొనవలెను. రాగి విద్యుత్తును సుళువుగాఁ బోనిచ్చును; గాజు పోనీయదు. ఈ రెంటికి నడుమ నుండు సిలికాను, జర్మేనియము, గాలియము ఆర్సెనైడు మొదలగువానికి అర్ధవాహకములని పేరు. వీనితో మన దేశమునకుఁ జిరకాలపు పరిచయము కలదు. ఆచార్య జగదీశచంద్ర బోసుగారు గెలీనా యను సీసపు ఖనిజముతో విద్యుత్తరంగములను పసిగట్టు సాధనమును నిర్మించి, 1904లో అమెరికా దేశమున దానికి పేటెంటు పొందిరి. అర్ధవాహకమును పనిముట్టుగా వాడుటకుఁ బొందిన పేటెంటులలో అది మొదటితరమునకుఁ జేరినది.

అర్ధవాహకమును రెండంతస్తుల మేడగా భావింపుఁడు. క్రింది యంతస్తు ఎలక్ట్రానులతోఁ గ్రిక్కిఱిసి యుండును. అందు కదలుటకుఁ జోటులేదు. పై యంతస్తు ఖాళీగా నుండును. అచ్చటికిఁ జేరిన ఎలక్ట్రాను స్వేచ్ఛగాఁ దిరిగి విద్యుత్తును మోసికొనిపోవును. రెంటికి నడుమ మెట్లు లేవు. ఒక్క యెగురున దాఁటవలసిన ఆ యెత్తునకు నిషిద్ధాంతరమని పేరు. దానిని ఎలక్ట్రాను వోల్టులతోఁ గొలుతురు. ఒక వోల్టు భేదమును దాఁటిన ఎలక్ట్రాను పొందు శక్తి ఒక ఎలక్ట్రాను వోల్టు. సాధారణపు వేఁడిమిలో ఈ యెత్తు సిలికానునకు 1.12, గాలియము ఆర్సెనైడునకు 1.42, ఇండియము ఫాస్ఫైడునకు 1.34, ఇండియము ఆర్సెనైడునకు 0.35 ఎలక్ట్రాను వోల్టులు. పై యంతస్తునుండి ఎలక్ట్రాను క్రిందికి దుమికినప్పుడు ఆ శక్తి కాంతికణముగా వెలువడవచ్చును. దుముకు చిన్నదైనఁ గాంతి ఎఱుపువైపునకును, పెద్దదైన నీలమువైపునకును మొగ్గును.

ఇఁక పరిమాణము మాట. 1924లో ఫ్రాన్సు దేశపు లూయీ ద బ్రోలీ, ఎలక్ట్రాను వంటి కణమునకును తరంగస్వభావము కలదని ప్రతిపాదించెను. కొలఁది సంవత్సరములలోనే ప్రయోగములు దానిని నిజమని స్థాపించినవి. తరంగమును గదిలో బంధించినచో నేమి జరుగునో వీణ వాయించువారికి బాగుగాఁ దెలియును. తీఁగె రెండు కొనలును కదలకుండఁ గట్టఁబడి యుండుటచే, ఆ కొనల నడుమ సరిగా నిముడు తరంగములు మాత్రమే నిలుచును, మిగిలినవి నిలువవు. అందువలననే తీఁగె తనకుఁ దోఁచిన ధ్వనినెల్లఁ జేయక నియమితమైన స్వరములనే పలుకును. మెట్టుపై వ్రేలు నొక్కి తీఁగెను కుఱుచచేసినచో స్వరము హెచ్చును.

చిన్న గదిలోఁ జిక్కిన ఎలక్ట్రాను గతియు నిదియే. దానికిని కొన్ని నియమిత శక్తులే యుండును. నడుమ శక్తులు ఉండవు. గది కుఱుచయైనకొలఁది ఆ శక్తులు హెచ్చును. అయితే ఇచ్చట నొక భేదము కలదు. వీణ తీఁగెను సగము చేసిన స్వరపు పౌనఃపున్యము రెండింతలగును. గదిని సగము చేసినచో ఎలక్ట్రాను శక్తి నాలుగింతలగును. ఏలయన ఆ శక్తి గది పొడవు యొక్క వర్గమునకు విలోమానుపాతములో నుండును.

లెక్కవేసి చూతము. ఇండియము ఆర్సెనైడులోని ఎలక్ట్రాను, స్ఫటికములోని పరమాణువుల ప్రభావముచే, తన నిజమైన ద్రవ్యరాశిలో నలువదవ వంతుకన్నఁ గొంచెము తక్కువ గలదానివలెఁ బ్రవర్తించును. ద్రవ్యరాశి తగ్గినఁ దరంగము పొడవగును. కావునఁ గొంచెము పెద్ద గదిలోనే అది యిఱుకును గుర్తించును. గది పొడవు 100 నానోమీటర్లైనచో మొదటి మెట్టు శక్తి 0.0016 ఎలక్ట్రాను వోల్టులు. 20 నానోమీటర్లైనచో 0.041. 10 నానోమీటర్లైనచో 0.163. మన గదిలోని సాధారణపు వేఁడిమి యొక్కొక్క ఎలక్ట్రానునకు నీయఁగల శక్తి సుమారు 0.025. మొదటి గదిలో వేఁడిమి యలలు ఆ మెట్టును ముంచివేయును. చివరి గదిలో మెట్టు వేఁడిమికన్న నెంతో యెత్తున స్పష్టముగా నిలుచును. ఇది గోడలు దాఁటరానంత యెత్తు గలవని భావించి చేసిన లెక్క; నిజమైన గోడలకుఁ బరిమితి కలదు గావున ఫలితము కొంత తగ్గును. అయినను పదింతలు కుఱుచయైన గదిలో శక్తి నూఱింతలగునను ముఖ్యాంశము దీనివలన మనకు బోధపడును.

కాడ్మియము సెలినైడు రంగులు మాఱుటకుఁ గారణమును ఇదియే. రేణువు చిన్నదైనకొలఁది పై యంతస్తులోని మొదటి మెట్టు పైకి జరుగును. క్రింది యంతస్తులోని చివరి మెట్టు క్రిందికి జరుగును. దుముకు పెద్దదగును, కాంతి నీలమునకుఁ దిరుగును.

పొలములో విడిచిన యావు నలువైపులఁ దిరుగును. రెండు కంచెల నడుమ డొంకలో నడచు నావు ముందునకో వెనుకకో పోవలయును. కొట్టములోఁ గట్టిన యావు ఎటును పోఁజాలదు. పలుచని పొరలోని ఎలక్ట్రాను పొలములోని యావు. సన్నని తీఁగెలోనిది డొంకలోని యావు. అన్ని దిక్కుల బంధింపఁబడినది కొట్టములోని యావు. ఈ మూఁడవదానికే క్వాంటము చుక్క యని పేరు. దీనిని రష్యాలో అలెక్సీ ఎకిమోవు రంగుగాజులయందు 1981 ప్రాంతమునను, అమెరికాలో లూయిస్ బ్రూసు ద్రవములలోఁ దేలు రేణువులయందు 1983లోను గుర్తించిరి. పరిమాణము సరిసమానముగా నుండు చుక్కలను తయారుచేయు పద్ధతిని మౌంగీ బవెండీ 1993లో సాధించెను. ఈ మువ్వురికిని 2023లో రసాయనశాస్త్రపు నోబెలు బహుమానము లభించినది.

ద్రవములోఁ దేలు చుక్కకు రంగు కలదు గాని, దానికి విద్యుత్తీఁగెలు తగిలించుట కష్టము. చుక్కలోనికి ఎలక్ట్రానును పంపుటెట్లు? వెలుపలికి రప్పించుటెట్లు? చుక్కను తీఁగెలోనే పుట్టించినచో ఈ చిక్కు తీఱును. తీఁగెయే దారియగును, చుక్క దారిలోని గదియగును.

అట్టి తీఁగెలను ఎవరును సాగదీసి చేయలేరు, వానిని మొలకెత్తింపవలసినదే. ఈ విద్యకుఁ బునాది వేసినవారు అమెరికాలోని బెల్ ప్రయోగశాలకుఁ జెందిన వాగ్నరు, ఎల్లిసు అనువారు. బంగారము 1064 డిగ్రీల సెంటీగ్రేడు వద్దఁ గరుగును. సిలికాను 1414 డిగ్రీల వద్దఁ గరుగును. కాని రెండును తగిన పాళ్లలోఁ గలిసినచో 363 డిగ్రీలకే ద్రవమగును. ఉప్పు చల్లినచో మంచు మఱింత చల్లదనమునందును కరుగును గదా; ఇదియు నట్టిదే. వారు 1964లో, వేఁడిచేసిన సిలికాను పలకపై బంగారపు బిందువు నుంచి, సిలికాను గల వాయువును దానిపైఁ బ్రసరింపఁజేసినచో నేమి జరుగునో వివరించిరి. బిందువు సిలికానును త్రాగి త్రాగి నిండిపోవును. ఇఁకఁ బట్టనిదానిని తన యడుగున స్ఫటికముగా విడుచును. ఆ స్ఫటికము పెరిగి బిందువును పైకెత్తును. బంగారపు టోపీ పెట్టుకొన్న సన్నని మొలక ఈ విధముగా నెదుగును. టోపీ యెంత వెడల్పో మొలక యించుమించు నంత మందము.

స్వీడను దేశమునందలి లుండు విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞులు ఈ పద్ధతిని మఱియొక యడుగు ముందునకుఁ గొనిపోయిరి. 2002లో వారు సుమారు 40 నానోమీటర్ల మందము గల ఇండియము ఆర్సెనైడు తీఁగెలను పెంచిరి. పెరుగుచుండఁగా నడుమ ఆర్సెనికు వాయువు నాపి ఫాస్ఫరసు వాయువును విడిచిరి. ఆ కొంచెము సేపును ఇండియము ఫాస్ఫైడు పొర పెరిగినది. పిమ్మట వాయువులను మఱల మార్చిరి. ఫాస్ఫైడు పొర ఎలక్ట్రానుకు సుమారు 0.6 ఎలక్ట్రాను వోల్టుల యెత్తు గల గోడ. అట్టి గోడలు రెండు దగ్గఱ దగ్గఱగాఁ గట్టినచో నడిమి ఆర్సెనైడు ముక్కయే గది, అనఁగాఁ జుక్క. గది పొడవు వాయువును విడిచిన కాలముపై నాధారపడును. గడియారము చూచి గోడలు కట్టుట యన్నమాట.

పలుచని పొరల పద్ధతిలో ఇది సాధ్యము కాదా యని మీరడుగవచ్చును. ఆర్సెనైడులోని పరమాణువుల యెడము ఫాస్ఫైడులోని దానికన్న నూఱింటికి సుమారు 3 వంతులు ఎక్కువ. వెడల్పైన పలకపై నొకదానిపై నొకటి పేర్చినచో, కొలతలు కలియని యిటుకలవలె ఒత్తిడి పెరిగి పొరలు లోపములఁ బొందును. సన్నని తీఁగెయైనచో ప్రక్కలకుఁ గొంచెము ఉబ్బియో కుదించుకొనియో ఆ యొత్తిడిని తీర్చుకొనఁగలదు. తీఁగె సన్నదనమే దాని బలము.

గది కట్టిరి, ఇఁక అతిథులు రావలయును. గోడలు కొలఁది నానోమీటర్ల మందమే గావున ఎలక్ట్రాను తరంగము గోడలోనికిఁ జొచ్చి ఆవలికి వెడలఁగలదు. దీనికి సొరంగగమన మని పేరు. కాని గదిలో నిదివఱకే యొక ఎలక్ట్రానున్నచో, ఋణావేశములు పరస్పరము వికర్షించును గావున, రెండవది ప్రవేశించుటకు నదనపు శక్తి కావలయును. గదికి గల విద్యుద్ధారణశక్తి, ఒక ఫారడును వేయి కోటి కోట్ల భాగములు చేసిన అందొక భాగ మనుకొందము. ఆ లెక్కన నొక్క ఎలక్ట్రానునకుఁ గావలసిన యదనపు శక్తి 0.016 ఎలక్ట్రాను వోల్టులు. మన గది వేఁడిమి యిచ్చు 0.025కన్న నిది తక్కువ. కావున సాధారణపు వేఁడిమిలో ఎలక్ట్రానులు తోసికొని వచ్చుచుఁ బోవుచుండును. ద్రవరూప హీలియముతో -269 డిగ్రీలకుఁ జల్లఁబఱచినచో వేఁడిమి శక్తి 0.00036కు దిగును. అప్పుడు గది కట్టుదిట్టమగును. పిలువనిది యే ఎలక్ట్రానును లోనికి రాఁజాలదు.

పిలుచుట యెట్లు? తీఁగె ప్రక్కన నొక లోహపు పలక నుంచి దానికి వోల్టేజి నిత్తురు. దానిని ద్వారమందురు. ద్వారపు వోల్టేజిని మెల్లగా హెచ్చించుచుఁ బోయినచో, ఒక నిర్ణీతస్థానమున నొక్క ఎలక్ట్రాను లోనికి వచ్చును. ఆ క్షణమునఁ దీఁగెలో విద్యుత్ప్రవాహము కనఁబడి మఱల నడఁగును. ఇంకను హెచ్చింపఁగా రెండవది వచ్చును. లుండు శాస్త్రజ్ఞులు 2004లో ఈ విధముగాఁ దీఁగెలోని చుక్కలోనికి సున్నతో మొదలిడి సుమారు 50 ఎలక్ట్రానులవఱకు నొక్కొక్కటిగా నింపి చూపిరి. రాగితీఁగెలో నొక ఆంపియరు ప్రవహించునప్పుడు సెకండునకు 60,000 కోట్ల కోట్లకుఁ బైబడి ఎలక్ట్రానులు పోవుచుండును. అట్టివానిని వ్రేళ్లపై లెక్కపెట్టఁగల్గుట సామాన్యము కాదు.

లెక్కపెట్టునప్పుడు వారికి మఱియొక విశేషము కనఁబడెను. ఎలక్ట్రానులు వచ్చు వోల్టేజిల నడుమ యెడము అంతటను సమానముగా లేదు. రెండు వచ్చిన పిమ్మట మూఁడవదానికి హెచ్చు పిలుపు కావలసివచ్చెను. ఏలయన 1925లో పౌలీ చెప్పిన నియమము ననుసరించి, ఒక్కొక్క స్థితిలో, భ్రమణభేదముచే రెండు ఎలక్ట్రానులకే చోటు కలదు. మొదటి మెట్టు రెంటితో నిండును. రెండవ మెట్టునందు సవ్యముగాఁ దిరుగునదియు, అపసవ్యముగాఁ దిరుగునదియు నను రెండు స్థితులుండును గావున నాలుగింటికిఁ జోటుండును. అందుచేత 2, 6 అను సంఖ్యల వద్ద గది నిండినట్లు తోఁచును. రసాయనశాస్త్రములో హీలియమునకు 2 ఎలక్ట్రానులు నిండుటచే నది యెవరితోను గలియదని చదివితిరి గదా. జపాను, హాలండు శాస్త్రజ్ఞులు 1996లో, పొరలనుండి చెక్కిన బిళ్లవంటి చుక్కలలో నిట్టి నిండు సంఖ్యలను స్పష్టముగాఁ జూపిరి. అందుచేతనే యిట్టి చుక్కలకుఁ గృత్రిమ పరమాణువులని పేరు వచ్చినది. ప్రకృతి యిచ్చిన పరమాణువులో ఎలక్ట్రానుల సంఖ్యను మార్చినచో నది వేఱు అయానగును. ఇచ్చటనో ద్వారపు మీట త్రిప్పినఁ జాలును.

ఇది యెందుకు పనికివచ్చునని తల్లిదండ్రులు అడుగుదురు, అడుగుట న్యాయమే. రెండు ఉపయోగములఁ జెప్పెదను.

మొదటిది కాంతి. ఒక చుక్కలో ఎలక్ట్రాను క్రిందికి దుమికినప్పుడు ఒక్కొక్కటిగాఁ గాంతికణములు వెలువడును. ఒంటరి కాంతికణముపై వ్రాసిన రహస్యవార్తను నడుమ నెవరైనఁ జదువఁబోయినచో అది చెదరి, దొంగతనము బయటపడును. కాని చుక్క వెడల్పైన అర్ధవాహకపు పలకలోఁ బూడియున్నచో, వెలుఁగు వెలుపలికి రాదు. వక్రీభవన గుణకము 3.5 గల పదార్థములో సుమారు 17 డిగ్రీలకు మించి వాలిన కిరణములన్నియు సంపూర్ణాంతర పరావర్తనముచే వెనుకకుఁ బోవును. నూఱింటికి రెండు మాత్రమే పై ముఖమునుండి బయటపడును. చుక్కను కొన సన్నగిలిన తీఁగెలో నుంచినచో, తీఁగెయే కాలువవలెఁ గాంతిని కొనవఱకు నడుపును. హాలండు శాస్త్రజ్ఞులు 2012లో ఇండియము ఫాస్ఫైడు తీఁగెలలో నిట్టి చుక్కలను పెంచి, నూఱింటికి 42 కాంతికణములను వెలుపలికి రప్పింపఁగలిగిరి.

రెండవది వేఁడిమి. ఏ యంత్రమైనను వేఁడిమిని పనిగా మార్చుటకు దాఁటరాని హద్దొకటి కలదని 1824లో సాదీ కార్నో చూపెను. ఆవిరియంత్రములు మొదలు నేఁటి యంత్రములవఱకు అన్నియు ఆ హద్దునకు లోఁబడినవే. లుండు విశ్వవిద్యాలయములో 2018లో నొక ప్రయోగము ప్రకటింపఁబడినది. తీఁగె యొక కొనను వేఁడిచేసి, రెండవ కొనను చల్లగా నుంచి, నడుమ నొక చుక్కను నిలిపిరి. ఆ చుక్క ఒకే నియమిత శక్తి గల ఎలక్ట్రానులను మాత్రమే పోనిచ్చును గావున, వేఁడిమి వృథాగాఁ జాఱిపోవుట తగ్గును. ఆ యంత్రము కార్నో హద్దులో నూఱింటికి 70 వంతులకు మించిన సామర్థ్యమును చూపెను. అతిశీతలమునఁ బనిచేయు నీ యంత్రము ఇచ్చు శక్తి మిక్కిలి స్వల్పము. దానితో దీపము వెలుఁగదు. అయినను వేఁడిమిని వృథాపుచ్చని మార్గమొకటి కలదని తెలియుట చిన్న లాభము కాదు.

ఇఁక నీ కథలో నొక చేదు భాగము కలదు. దానిని దాఁచుట తగదు. తీఁగెలోఁ జుక్కలు మనము కోరినప్పుడే కాక, కోరనప్పుడును పుట్టును. తీఁగె కొనయందు లోహము తగులుటచేతనో, ఆవేశములు సమముగా లేకుండుటచేతనో ఎలక్ట్రానులు ఒకచోటఁ జిక్కి, తెలియకయే చుక్క యేర్పడవచ్చును. 2012లో హాలండులోని డెల్ఫ్టు నగరమున ఇండియము ఆంటిమొనైడు తీఁగెను అతివాహకముతోఁ జేర్చి చేసిన ప్రయోగములో, సున్న శక్తి వద్ద నొక శిఖరము కనఁబడెను. 1937లో మజొరానా యను ఇటలీ శాస్త్రజ్ఞుఁడు ఊహించిన వింత కణమునకుఁ బోలిన స్థితి యిందు దొరకెనేమో యని లోకమంతయు నాశపడెను. అది నిజమైనచో చెక్కుచెదరని క్రొత్త గణనయంత్రములకు దారి యేర్పడును. 2018లో మఱింత గట్టి ఋజువు దొరకినదని యొక వ్యాసము ప్రకటింపఁబడెను. కాని పిమ్మట ఇతరులు ఆ ప్రయోగపు పూర్తి కొలతల నడిగి పరీక్షింపఁగా, వ్యాసములోని ముఖ్యనిర్ణయము నిలువదని తేలినది. 2021లో రచయితలే యా వ్యాసమును ఉపసంహరించుకొని క్షమాపణ చెప్పిరి. కోరక పుట్టిన చుక్కయు సున్న శక్తి వద్ద నిట్టి శిఖరమునే చూపఁగలదని యితర పరిశోధనలు తెలుపుచున్నవి. చూడఁగోరినదానిని కన్ను తొందరగాఁ జూచును. కావున కోరినది కనఁబడిననాఁడే మఱింత జాగ్రత్తగాఁ గొలువవలయును.

దీనిని చదివి శాస్త్రమును శంకింపవలదు. తప్పును బట్టినదియు శాస్త్రమే, దిద్దినదియు శాస్త్రమే. కొలతల పుస్తకమును దాఁచక చూపుఁడని యడిగినవారును, చూపిన పిమ్మటఁ దమ తప్పును లోకమెదుట నొప్పుకొన్నవారును శాస్త్రమునకు మేలే చేసిరి. మీ ప్రయోగపు పుస్తకములలో “రావలసిన” జవాబునకు సరిపడునట్లు కొలతలను దిద్దు నలవాటు మీలోఁ గొందఱికిఁ గలదని నే నెఱుఁగుదును. లోలకపు ప్రయోగములో వచ్చిన సంఖ్య మీ పొరుగువాని సంఖ్యతోఁ గలియకున్నను దానినే వ్రాయుఁడు. ఆ భేదములోనే యెవరును చూడని చుక్క దాఁగియుండవచ్చును.

ఇఁక మొదటి ప్రశ్నకు వత్తము. సుద్దను విఱుచుచుఁ బోయినచో దాని రంగు మాఱునా? మాఱదు. సుద్ద యొక్క నిషిద్ధాంతరము చాల పెద్దది. అది కంటికిఁ గనఁబడు కాంతి శక్తులన్నిటికన్నను పైనున్నది. రేణువు చిన్నదైనకొలఁది ఆ యంతర మింకను పెరుగునే గాని తఱుగదు. కావున దానికి రంగు రాదు. కాని సుద్దకుఁ జెల్లిన మాట కాడ్మియము సెలినైడునకుఁ జెల్లదు. ఇండియము ఆర్సెనైడునకుఁ జెల్లదు. సుద్ద విషయమున నా సమాధానము దైవికముగా సరిపడినది. నియమముగాఁ జెప్పుట మాత్రము తప్పు. పరిమాణమును గుణములలో నొకటియే. ఎలక్ట్రాను తరంగమునకు సరిపడునంత చిన్న గది కట్టితిమేని, పదార్థము తన గుణమును మార్చుకొనును. ఆ మార్పు ఎంతయుండవలెనో కట్టినవాని చేతిలో నుండును.

ఆ ప్రశ్న యడిగిన బాలుఁడు పరీక్షలో నుత్తీర్ణుఁడై మన పాఠశాలను విడిచి వెడలినాఁడు. అతని యింటికి ఈ పత్రిక చేరునని నమ్ముచున్నాను. తరగతిలో నవ్విన మిగిలినవారు మాత్రము ఇచ్చటనే యున్నారు. ఈసారి సుద్దముక్క విఱిగినప్పుడు వారిలో నొకరు లేచి మఱియొక ప్రశ్న యడుగుదురు గాక! నేను తొందరపడి సమాధానము చెప్పను.